తొమ్మిది గోల్స్ తర్వాత కొన్న గ్లవ్స్

స్కూల్ ఫుట్‌బాల్ నాకౌట్‌లో మావాడి జట్టు 9-0తో ఓడింది. గోల్‌కీపర్ వాడే. ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదు. పాత గ్లవ్స్ చూస్తే అరచేతి దగ్గర రబ్బరు పొరలుగా లేచిపోయింది, బంతి జారక ఏం చేస్తుంది!

మర్నాడే కోఠిలో ఒక స్పోర్ట్స్ షాపుకి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన ముందు వాడి చెయ్యి కొలిచారు. ఎదిగే పిల్లాడు, ఖరీదైనవి ఎందుకమ్మా, 650 రూపాయలవి చాలు అన్నారు. మ్యాచ్‌కి ముందు అరచేతి వైపు కాస్త తడిపితే పట్టు బాగుంటుందట. ఆడాక గోరువెచ్చని నీళ్లతో కడిగి నీడలో ఆరేయాలట. 1962 ఏషియాడ్‌లో మన జట్టుకి స్వర్ణం తెచ్చిన కోచ్ రహీం సాబ్ హైదరాబాదీయేనని చెబుతుంటే మావాడు కళ్లార్పకుండా విన్నాడు.

మణికట్టు పట్టీ నెలకే ఊడింది. తీసుకెళ్తే డబ్బులు అడక్కుండా కుట్టించి ఇచ్చారు.