లైవ్ చూస్తూ పందెం వేసే యాప్: వీడియో సూపర్, మార్కెట్ దగ్గరే తేడా

ట్విచ్‌లో (గేమ్‌లు ఆడుతూ లైవ్ పెట్టే సైట్) ప్రిడిక్షన్స్ ఆడినవాళ్ళకి ఈ ఐడియా కొత్తేం కాదు. 2020 నుంచి ఉంది అది. స్ట్రీమర్, అంటే లైవ్ పెట్టేవాడు, "ఈ బాస్‌ని (గేమ్‌లో పెద్ద విలన్) ఈసారి కొడతానా లేదా" అని పెడతాడు, ఒకవైపు నీలం ఒకవైపు పింక్, ఆ చానెల్ చూస్తే వచ్చే పాయింట్స్ ఏదో ఒకదాని మీద వేస్తాం, టైమ్ అవగానే లాక్, ఓడినవాళ్ళ పాయింట్లన్నీ గెలిచినవాళ్ళు ఎవరెంత వేశారో దాన్నిబట్టి పంచుకుంటారు. పోయినా పాయింట్లేగా అని చాట్‌లో నవ్వుకుంటాం, అంతే.

నేను చూసిన యాప్ ఇదే పని అసలు డబ్బుతో చేస్తుంది (పేరు చెప్పను, ఇలాంటివి వరసగా వస్తున్నాయి). పైన వీడియో, కింద అవును/కాదు రేట్లు, పక్కన చాట్. అవును 40 సెంట్లుంటే జరిగే ఛాన్స్ 40 శాతమని జనం అనుకుంటున్నట్టు, జరిగితే డాలర్ వస్తుంది లేకపోతే సున్నా. చూడ్డానికి మాత్రం భలే ఉంది, చాట్ మొత్తం "అయిపోయింది బ్రో" అని అరుస్తుంటే రేటు మాత్రం కదలకుండా కూర్చుంటుంది, చాలాసార్లు రేటే కరెక్ట్ అవుతుంది కూడా.

అసలు గొడవ డిలే, అంటే వీడియో మన దాకా కాస్త లేటుగా రావడం. నా స్క్రీన్ మీద బాస్‌కి ఇంకా హెల్త్ ఉంది, రేటు చూస్తే ఒక్కసారిగా 40 నుంచి 90కి ఎగిరింది, ఏంటా అనుకునేలోపు బాస్ పడిపోయాడు. అంటే నాకంటే ముందు ఎవడో చూసేసి కొనేశాడు. టెన్నిస్‌లో స్టేడియంలో కూర్చుని, టీవీలో పాయింట్ కనిపించేలోపే ఫోన్‌లో పందెం వేసేవాళ్ళున్నారు కదా, అదే కథ. ట్విచ్‌లో స్ట్రీమర్ ముందే లాక్ చేసేస్తే ఈ బాధ ఉండదు, ఇక్కడేమో ఆఖరి సెకను దాకా ఓపెనే, ఎందుకంటే ప్రతి ట్రేడ్‌కీ వీళ్ళకి ఫీజు.

ఇంకోటి, చిన్న స్ట్రీమ్‌లలో అవతల అమ్మేవాడే ఉండడు, కొనే రేటుకీ అమ్మే రేటుకీ మధ్య ఇంత గ్యాప్, మనం కాస్త కొంటే చాలు రేటు అదే పైకి పోతుంది. ట్విచ్ పద్ధతిలో అందరిదీ ఒకే పూల్ కాబట్టి ఈ తలనొప్పి తక్కువ.

మరి స్ట్రీమరే కావాలని ఓడిపోతే? 2025 అక్టోబర్‌లో క్రిప్టో కంపెనీ కాయిన్‌బేస్ సీఈఓ బ్రయన్ ఆర్మ్‌స్ట్రాంగ్, తను ఏ పదాలు వాడతాడని మార్కెట్లలో పందేలు నడుస్తుంటే, ఎర్నింగ్స్ కాల్ (కంపెనీ లాభనష్టాలు చెప్పే కాల్) చివర్లో బిట్‌కాయిన్, ఇథీరియం, బ్లాక్‌చెయిన్ అంటూ ఆ పదాలన్నీ వరసపెట్టి చదివేశాడు. సరదాకే అనుకోండి, కానీ కెమెరా ముందున్నోడి చేతిలోనే రిజల్ట్ ఉంటే ఎంత ఈజీయో తెలిసిపోయింది కదా. ఈ యాప్ రూల్స్‌లో స్ట్రీమర్ తన మీద తనే పందెం వేయకూడదని ఉంది, సరే, వాడి ఫ్రెండ్ వేస్తే ఎవరు పట్టుకుంటారు?

సెట్టింగ్స్‌లో బాగా లోపల "చూడ్డానికి మాత్రమే" అని ఒక ఆప్షన్ దాచారు, అది ఆన్ చేస్తే రేట్లు కనిపిస్తాయి, కొనే బటన్ పోతుంది. నేను ఇప్పుడు అలాగే చూస్తున్నా.