తీర్పా, తీర్చిదిద్దడమా?

కడపలో సీఎస్ఐ (ప్రొటెస్టెంట్ సంఘం), క్యాథలిక్ కుటుంబాల మధ్య సంబంధం కుదిరితే, దేవుడు మనిషిని నీతిమంతుడిగా ఎట్లా తీరుస్తాడన్న పేచీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. బైబిల్లో రోమా 5:1లోని ‘నీతిమంతులముగా తీర్చబడి’ దగ్గరే చీలిక. తెలుగు మాటలోనే రెండు దారులూ ఉండటం విశేషం.

ప్రొటెస్టెంట్లకు అది కోర్టు తీర్పు. క్రీస్తు నీతిని విశ్వాసి లెక్కలో జమచేసి దేవుడు నిర్దోషి అంటాడు. మనిషి లోపల పాపం ఇంకా ఉన్నా సరే. బతుకు మారడం పవిత్రీకరణ, దాని ఫలం.

క్యాథలిక్కులకు అది తీర్చిదిద్దడం కూడా. 1547లో ట్రెంట్ సభ (క్యాథలిక్ సంఘ మహాసభ) చెప్పినట్టు పాపక్షమతో పాటు లోపలి మనిషి కొత్తవాడవుతాడు. అది బాప్తిస్మంతో మొదలవుతుంది, కృపలో పెరుగుతుంది, చావైన పాపంతో (ఘోరపాపంతో) పోతుంది, పాపసంకీర్తనంతో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంతో, తిరిగొస్తుంది. అందుకే మనిషి విశ్వాసంతో మాత్రమే కాక క్రియలతోనూ నీతిమంతుడవుతాడనే యాకోబు 2:24 వాళ్లకు అడ్డురాదు. ప్రొటెస్టెంట్లేమో అక్కడి క్రియలను విశ్వాసానికి రుజువుగా చదువుతారు.

‘క్యాథలిక్కులు పుణ్యంతో మోక్షం కొంటారు’ అనడం తప్పు. కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతులవుతారనే మాటను ట్రెంట్ సభ ఈ విషయంపై తన మొదటి కానన్‌లోనే (సూత్రంలోనే) ఖండించింది. ‘నమ్మితే చాలు, ఎట్లైనా బతకొచ్చు’ అని ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన లూథర్ కూడా అనలేదు.

1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, క్యాథలిక్కులు ఇదే విషయం మీద ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. పాపసంకీర్తనం గదికి వెళ్లాలా వద్దా అన్నది మాత్రం అట్లే ఉంది.