మిషన్ హెడ్డు ఎవరికీ ఇచ్చి పంపకండి, నా షటిల్ మార్చేశారు

ఇంట్లో కుట్టు మిషన్ ఉన్నవాళ్ళు కాస్త ఆగి ఇది చదవండి. ఇంటికొచ్చి రిపేర్ చేస్తామని ఫోన్ తెరిస్తే చాలు ప్రకటనలతో ప్రాణం తీస్తుంది కదా, ఆ యాప్ గురించే. పేరు రాయను. ఒకసారి పిలిచినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

టీషర్టు గుడ్డ కుడుతుంటే మిషన్ మధ్యమధ్యలో కుట్టు వదిలేస్తోంది. జరిగింది ఇంతే. మెకానిక్ వచ్చాడు, చక్రం అటూ ఇటూ తిప్పాడు, 'షటిల్ టైమింగ్ పోయింది మేడమ్, షాపులోనే చెయ్యాలి' అన్నాడు. షటిల్ అంటే సూది కింద తిరుగుతూ, తన కొక్కెంతో పై దారాన్ని అందుకుని కుట్టు వేసే భాగం. అది సూదితో సరైన సమయానికి కలవడమే టైమింగ్. హెడ్డు, అంటే కుట్టే పైభాగం మొత్తం, ఊడదీసి బండి మీద పెట్టుకుని పోయాడు. రసీదులో 'మిషన్ హెడ్డు, ఒకటి' అని మాత్రం ఉంది. లోపల ఏమున్నాయో ఊసే లేదు. కింద నా సంతకం మాత్రం గుండ్రంగా, అందంగా ఉంది.

మిషన్ లేక చేతులు ఊరుకోక, ఎప్పటినుంచో అటకెక్కిన స్వెటర్ చేతులు రెండూ అల్లేశాను. ఈ వ్యవహారం మొత్తంలో నాకు దక్కిన లాభం అదొక్కటే.

ఇక హెడ్డు తిరిగొచ్చిన రోజు సంగతి. బిల్లు చూస్తే కొత్త మిషన్ ధరలో సగానికి దగ్గరగా ఉంది. సరే, కుట్టి చూపించు బాబూ అన్నాను. జేబులోంచి తన సొంత గుడ్డముక్క తీశాడండీ! గంజి పెట్టి అట్టలా బిగుసుకున్న మందపాటి కాటన్, అదీ రెండు మడతలు. దాని మీద గడగడా ఒక వరస కుట్టి, నా మొహం ముందు ఆడించి, 'చూశారా, ఫస్ట్‌క్లాస్' అన్నాడు. నా టీషర్టు ముక్క ఇస్తే కనీసం ముట్టుకోలేదు. 'అలాంటి గుడ్డ మీద ఏ మిషనూ సరిగ్గా కుట్టదు మేడమ్' అట. మొన్నటిదాకా ఇదే మిషన్ మీద నేను కుట్టినవన్నీ మరి ఎవరు కుట్టారో.

నేనే కూర్చుని కుట్టాను. కుట్లు ఇంకా వదిలేస్తోంది. పైగా ఇంతకుముందు లేని కొత్త జబ్బు, దారం పీచుపీచుగా లేచి తెగిపోతోంది. అదేంటని తలెత్తి అడిగితే, ఫోన్‌లోంచి కళ్ళు కూడా ఎత్తకుండా అన్నాడు: 'మిషన్ బాగానే ఉంది మేడమ్. మీకే ఇంకా చెయ్యి తిరగలేదు. ముందు కుట్టు నేర్చుకోండి. ఓటీపీ చెప్తారా, ఇంకో ఇంటికి వెళ్ళాలి.'

ఈ ఇంట్లో కర్టెన్ల దగ్గర్నుంచి పిల్లల గౌన్ల దాకా కుట్టింది ఈ చేతులే. అయినా ఆ మాటకి నోట మాట రాలేదు. ఓటీపీ కూడా చెప్పేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

వాడు వెళ్ళాక షటిల్ తీసి చూశాను. మా మోడల్‌లో దానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, రెండు చెవులు పక్కకి తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. నా షటిల్ మీద కంపెనీ గుర్తు చెక్కి ఉండేది. ఇప్పుడున్న దాని మీద ఏ గుర్తూ లేదు, అంచంతా గరుకు. దూది ముక్కతో కొక్కెం మొన రుద్దితే పోగులు దానికే అంటుకుపోయాయి. దారం పీచు లేస్తోందంటే లేవదా మరి!

ఫోన్ చేస్తే ముందు 'మేం ఏమీ మార్చలేదు, అది మీదే' అన్నారు. దూది ఫోటో పంపాను. అప్పుడు మాట మారింది, 'అరిగిపోయింది కాబట్టి మార్చాం, పాతది తుక్కులో వేశాం' అన్నారు. బిల్లులో చూస్తే 'షటిల్ సర్వీసింగ్' అనే ఉంది. యాప్‌లో ఫిర్యాదు పెడితే సాయంత్రానికల్లా 'మీ సమస్య పరిష్కరించబడింది' అని నవ్వుతున్న బొమ్మతో మెసేజ్. ఎవరి సమస్య?

పక్కింటావిడది కూడా ఇదే మోడల్. ఆవిడ షటిల్ అడిగి తెచ్చి పెట్టాను. పాత సూదితో కుడితే మళ్ళీ అదే తంతు. సూది తీసి సాగే గుడ్డలకి వాడే, మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది, 75/11 సైజుది పెట్టాను. అదే టీషర్టు ముక్క మీద ఒక్క కుట్టు పోలేదు. అంటే టైమింగ్ పోలేదు, గాడిదగుడ్డూ పోలేదు. సూది పైకి లేచేటప్పుడు పల్చటి సాగే గుడ్డ దాంతోపాటే లేస్తుంది, వెనకాల దారం ఉచ్చు సరిగ్గా విచ్చుకోదు, కొక్కెం దాన్ని అందుకోలేక కుట్టు తప్పిస్తుంది. గంజి పెట్టిన గుడ్డ అలా లేవదు. జేబులో ఆ ముక్క ఎందుకు పెట్టుకు తిరుగుతున్నాడో ఇప్పుడు అర్థమైందా? ఒక్క సూదితో పోయేదానికి నా అసలు షటిల్ పోగొట్టుకున్నాను.

మీరైనా, కుట్లు వదిలేస్తుంటే ముందు సూది మార్చి చూడండి. గుడ్డ కింద దారం గుబురుగా చిక్కు పడుతుంటే మిషన్‌లో గుడ్డని నొక్కిపట్టే పాదం పైకెత్తి పై దారం మొదట్నుంచి మళ్ళీ ఎక్కించండి, చాలాసార్లు దాంతోనే పోతుంది. అయినా హెడ్డు ఇవ్వక తప్పకపోతే షటిల్, బాబిన్ కేస్ (కింది దారం బాబిన్ పెట్టే డబ్బీ) తీసి మీ దగ్గర పెట్టుకోండి. వాటితోనే పనుందంటే గుర్తులు కనబడేలా ఫోటోలు తీసి రసీదులో రాయించండి. తెచ్చాక మీ గుడ్డ మీద మీరే కుట్టి చూసుకోండి. ఓటీపీ ఆ తర్వాతే.