కొత్తవాడ దర్రీలు అమ్మే సైట్: వింటూ కొనేవాళ్లకు ఎంత పనికొస్తుంది?

వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసిన దర్రీలను ఇంటికి పంపే ఓ ఆన్‌లైన్ దుకాణాన్ని చూపులేనివాళ్లకు తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లతో, అంటే కంప్యూటర్లో ఎన్‌వీడీఏతో, ఫోన్లో టాక్‌బ్యాక్‌తో పరిశీలించాం. ధర, సైజు వస్తువు పక్కనే అక్షరాల్లో ఉన్నాయి. అడ్రస్ ఫారంలో ఏ గడి దేనికో స్పష్టంగా వినిపిస్తుంది. చిక్కంతా ఫొటోల దగ్గరే.

ప్రతి దర్రీ ఫొటోకూ ఆల్ట్ (బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ చదివే మాట) ఉంది, కానీ అన్నింట్లో ఒకటే మాట: "వరంగల్ దర్రీ బెస్ట్ ప్రైస్ ఆన్‌లైన్". సెర్చ్‌లో పైకి రావాలని కుక్కిన మాటలివి. ఎన్‌వీడీఏలో బొమ్మ నుంచి బొమ్మకు వెళ్లే జీ కీ నొక్కుతూ పోతే పేజీలో ఎన్ని రకాలున్నా ఒక్కటే దర్రీ ఉన్నట్టు వినిపిస్తుంది. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన నేతకు ఇది చాలా అన్యాయం. కొనేవాళ్లు అడిగేది రంగు, డిజైన్, అంచు. "ముదురు ఎరుపు మీద నీలి చారలు, రెండు చివరలా కుచ్చులు" అని రాస్తే సరిపోయేది. ముందు "ఫొటో" అని చేర్చక్కర్లేదు, అది బొమ్మ అని స్క్రీన్ రీడరే చెప్తుంది.

ఆ వివరాలు అసలు లేవా అంటే, కోడ్‌లో బొమ్మకు విడిగా ఇచ్చే టైటిల్‌లో దాచారు! అది మౌస్ ఆనిస్తేనే కనిపిస్తుంది. వేలితో తాకినా, కీబోర్డుతో వెళ్లినా తెరుచుకోదు. ఆల్ట్ ఉన్నచోట టైటిల్‌ను స్క్రీన్ రీడర్ చదువుతుందన్న భరోసా లేదు. ఆల్ట్‌కూ టైటిల్‌కూ మధ్య ఈ తికమక పాతదే. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్ 7వ వెర్షన్ దాకా ఆల్ట్‌నే మౌస్ పక్కన చూపించేది. 8తో అది ఆగినా డెవలపర్ల అలవాటు మారలేదు.

హోం పేజీకి తీసుకెళ్లే లోగోకు ఆల్ట్ రాయనే లేదు. దాంతో ఎన్‌వీడీఏ ఫైల్ పేరును అంకెలతో సహా చదువుతుంది. కార్ట్ గుర్తుకేమో "ట్రాలీ" అని పెట్టారు. లింకులో ఉన్న బొమ్మకు దాని రూపం కాదు, నొక్కితే ఎక్కడికి పోతామో రాయాలి: "హోం", "కార్ట్ చూడండి". విభాగాల మధ్య అలంకారంగా పెట్టిన కాకతీయ తోరణం మాత్రం ప్రతిసారీ "తోరణం డిజైన్" అని పలుకుతుంది. అక్కడ ఆల్ట్ ఉండాలి, కానీ కోడ్‌లో దాని కోట్‌ల మధ్య ఏమీ ఉండకూడదు, అప్పుడు స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను దాటేస్తుంది. ఆల్ట్ తీసేయడం, ఖాళీగా ఉంచడం ఒకటి కాదు.

ఆటోమేటిక్ టెస్టులో మంచి మార్కులొచ్చాయి కదా అని సైట్ బాగుందని నమ్మొద్దు. ఆల్ట్ ఉందో లేదో అది పట్టుకోగలదు, రాసిన మాట ఆ దర్రీదేనా అన్నది మనిషే చూడాలి. వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండాలని చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీలో, బొమ్మలకు బదులు మాట ఉండాలనే 1.1.1 నియమం కనీస స్థాయి అయిన 'ఏ'లోనే ఉంది.

సరిచేసేవాళ్లు లోగో, కార్ట్ లింకులతో మొదలుపెట్టాలి, తర్వాత దర్రీల ఫొటోలు. అప్పటిదాకా చూపులేని కొనుగోలుదారులు దుకాణానికి ఫోన్ చేసి రంగు, అంచు అడిగాకే ఆర్డర్ పెట్టండి. నచ్చక వెనక్కి పంపితే ఆ ఖర్చు కొన్నవాళ్లదే.