మూడున్నర గంటలు కూర్చోబెట్టారు, అయినా నాలుగు స్టార్లు

మా అక్కకి అరికాళ్ల మంటలు మొదలై ఎనిమిది నెలలు. ముందు చూపించిన చోట షుగర్ లేదన్నారు, బీ12 ఇంజెక్షన్లు రాశారు, తర్వాత నడుముకి ఎమ్మారై తీసి డిస్క్ కొంచెం జరిగిందన్నారు. ఈలోపు మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూయగానే తూలిపోయి వాష్‌బేసిన్ పట్టుకోవడం, ఒకరోజైతే కాలి చెప్పు ఎక్కడ ఊడిందో తెలియక ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. అప్పుడు ఇక్కడి న్యూరాలజీ ఓపీకి తీసుకొచ్చాం.

పదిన్నరకి టోకెన్, రెండింటికి పిలుపు. కుర్చీలు చాలవు, ఫ్యాను ఒక్కటే.

లోపల డాక్టరుగారు మాత్రం తొందరపడలేదు. పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమన్నారు, అక్క పక్కకి ఒరిగిపోయింది. బొటనవేలు పట్టుకుని పైకా కిందకా అని అడిగితే సగం తప్పులే. ఉన్నట్టుండి "రాత్రి మంచం పక్కన నీళ్ల సీసా పెట్టుకుంటావా అమ్మా?" అన్నారు. అక్క నా మొహం చూసింది. రెండేళ్లుగా పెట్టుకుంటోంది! అటుకులు నీళ్లు లేకుండా మింగలేదు, కళ్లలో ఇసుక పడ్డట్టుందంటే ఫోన్ తగ్గించమని మేమే తిట్టాం.

కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాలు ఉంచితే తడిసింది మూడు మిల్లీమీటర్లు, ఐదు లోపుంటే కన్నీళ్లు తక్కువని లెక్కట. నరాలకి కరెంటు పెట్టి చూసే టెస్టులో స్పర్శ నరాలు దెబ్బతిన్నట్టు, కదిలించే నరాలు బాగానే ఉన్నట్టు వచ్చింది. రక్తంలో యాంటీ రో (సొంత ఒంటి మీదే తిరగబడే ఒక యాంటీబాడీ) పాజిటివ్, కింది పెదవి లోపల బయాప్సీ కూడా అదే చెప్పింది: షోగ్రెన్స్ సిండ్రోమ్. ఒంట్లో మనల్ని కాపాడాల్సిన వ్యవస్థే లాలాజల గ్రంథుల మీద, కన్నీటి గ్రంథుల మీద పడుతుంది, కొందరిలో వెన్ను పక్కనుండే స్పర్శ నరాల కణాల మీద కూడా. నోరు ఎండుతోందని ఆస్పత్రికి ఎవరు పోతారు, కాళ్లు తూలితేనే కదా వచ్చేది.

స్టెరాయిడ్లు మొదలయ్యాయి. పోయిన పట్టు మొత్తం వస్తుందని ఆయన మాటివ్వలేదు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఒక స్టార్ కోత బిల్లింగ్ వాళ్లకి. బయాప్సీ ఖర్చు ముందు చెప్పలేదు, రిపోర్టు కోసం మూడుసార్లు తిప్పారు. ఇలాంటి జబ్బులు చూసే రుమటాలజీ డాక్టరు మంగళ, శుక్రవారాలే ఉంటారు, ఫోన్ ఎవరూ ఎత్తరు, ఏడున్నరకల్లా కౌంటర్ దగ్గర నిలబడండి.