వీసీవీ ర్యాక్‌లో ప్రాసెసర్ భారం: థ్రెడ్లు పెంచాలా, శాంపిల్ రేట్ తగ్గించాలా?

వీసీవీ ర్యాక్ అంటే కంప్యూటర్‌లో నడిచే మాడ్యులర్ సింథసైజర్. అందులో ప్యాచ్ (మాడ్యూళ్లను వైర్లతో కలిపిన అమరిక) పెద్దదై సౌండ్ పటపటమని తెగిపోతుంటే చాలామంది ముందు ఇంజిన్ మెనూలోకెళ్లి థ్రెడ్లు (ఒకేసారి ఎన్ని ప్రాసెసర్ కోర్లు పనిచేయాలన్నది) పెంచేస్తారు. దానివల్ల పని కోర్ల మధ్య పంపకం అవుతుంది గానీ తగ్గదు, పైగా ఆ కోర్లు ఒకదానికోసం ఒకటి ఎదురుచూడటానికే కొంత శక్తి పోతుంది, ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది, మే నెల విజయవాడలో ఏసీ లేని గదిలో అయితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుని కథ మళ్లీ మొదటికొస్తుంది.

శాంపిల్ రేట్, అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు లెక్కించాలన్నది, అలా కాదు. 96 కిలోహెర్ట్జ్ నుంచి 48కి దించితే చేయాల్సిన లెక్కలే దాదాపు సగమవుతాయి, అప్పుడు కూడా 24 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది, మన చెవికి 20 చాలు. గట్టి ఎఫ్ఎం (ఒక తరంగంతో మరో తరంగం ఫ్రీక్వెన్సీని ఊపడం), డిస్టార్షన్ వాడితే మాత్రం ఏలియాసింగ్ గరగర, అంటే ఆ రేటులో పట్టని పై ఫ్రీక్వెన్సీలు తప్పుడు శబ్దాలుగా వెనక్కి రావడం, బయటపడొచ్చు.

నా ఓటు శాంపిల్ రేట్‌కే. అదీ చాలకపోతేనే థ్రెడ్లు ఒక్కొక్కటిగా పెంచండి, ఎఫ్3 నొక్కితే ఏ మాడ్యూల్ ఎంత తింటోందో కనిపిస్తుంది.