సెకండ్ హ్యాండ్ గ్లో ఇంజిన్ కొనేవాళ్లూ, బ్యాక్ ప్లేట్ విప్పించి చూడందే డబ్బు ఇవ్వకండి

"ఎక్కువ వాడలేదండీ, రెండు మూడు ట్యాంకులు తిరిగిందంతే" అని చెప్పి అమ్మిన గ్లో ఇంజిన్ (మోడల్ విమానాలకి పెట్టే చిన్న ఇంజిన్) ఒకటి ఈమధ్య నా చేతికొచ్చింది. బయటంతా తళతళలాడుతోంది, ప్రొపెల్లర్ తిప్పితే కంప్రెషన్ గట్టిగానే తగులుతోంది. స్టాండ్‌కి బిగించి స్టార్ట్ చేసి ఫుల్ థ్రాటిల్ ఇచ్చేసరికి ఒకటే గరగర. ఆపేసి వెనకుండే మూత, అదే బ్యాక్ ప్లేట్, దాని స్క్రూలు విప్పితే లోపల నూనె టీ డికాషన్ రంగులో ఉంది, వెనక బేరింగ్ బాల్స్ మీద తుప్పు మచ్చలు, బాల్స్ తిరిగే గాడిలో సన్నటి గుంటలు, బాల్స్‌ని ఎడంగా పట్టి ఉంచే కేజ్ ఒక అంచున విరిగి ఆ ముక్క కనబడట్లేదు. పిస్టన్ కదిలే గొట్టం, అంటే లైనర్, దాని గోడ మీద గీత చూశాక అది ఎటు పోయిందో అర్థమైంది.

అమ్మినతన్ని అడిగితే "బేరింగులదేముంది, మార్చుకుంటే సరి" అన్నాడు. ఒక్క బేరింగులే అయితే నిజంగా సరే, కానీ ముక్క పైకెళ్లి గీసేశాక పిస్టన్, లైనర్ కూడా మార్చాలి, ఆ ఖర్చుకి ఇంకో ఇంజినే వస్తుంది.

కంప్రెషన్ చూసి మాత్రం నమ్మకండి. బేరింగ్ పాడైపోయినా అది బాగానే ఉండొచ్చు. ఫ్యూయెల్‌ని మండించే గ్లో ప్లగ్ తీసేసి ప్రొపెల్లర్‌ని మెల్లగా తిప్పండి, వేళ్లకి ఇసుక తగిలినట్టుంటే అదే తుప్పు. షాఫ్ట్‌ని పైకీ కిందకీ కదిపి చూడండి, అటు వదులు ఉండకూడదు, ముందుకీ వెనక్కీ కొంచెం ఉంటే పర్లేదు. చిక్కటి నూనె పోసి ఆ గరుకు తెలియకుండా చేసేవాళ్లున్నారు, అందుకే విప్పించమంటున్నా. ఫ్యూయెల్‌లో కలిపే ఆముదం గట్టిపడి బిగుసుకుపోయిన ఇంజిన్ అయితే అంత భయపడక్కర్లేదు, ఆ జిగురు పొరే లోపలి ఇనుముని కాపాడి ఉండొచ్చు, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే వదులుతుంది, బలవంతంగా మాత్రం తిప్పొద్దు.

అసలు తుప్పు పట్టేది ఇంజిన్ తిరిగేటప్పుడు కాదు, పక్కన పెట్టేశాక. ఫ్యూయెల్‌లో ఎక్కువ భాగం మిథనాల్, అది గాలిలో తేమని లాగేసుకుంటుంది, దానికి తోడు మండగా మిగిలిన ఆమ్లాలు షాఫ్ట్ తిరిగే కింది గదిలోకి, అంటే క్రాంక్‌కేస్‌లోకి దిగుతాయి. వెనక బేరింగ్ ఉండేది సరిగ్గా అక్కడే. సింథటిక్ ఆయిల్ ఒక్కటే ఉన్న ఫ్యూయెల్ ఇంజిన్‌ని శుభ్రంగా ఉంచుతుంది కానీ తుప్పుని ఆపడంలో ఆముదమంత పనిచేయదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే టూ స్ట్రోక్‌లోలా కొత్త ఫ్యూయెల్ క్రాంక్‌కేస్ గుండా పోదు, పిస్టన్ పక్కనుంచి జారిన మురికే అక్కడ చేరుతుంది.

అందుకే చివరి ఫ్లైట్ అయ్యాక థ్రాటిల్ మూసి ఆపేయకండి, ఫ్యూయెల్ ట్యూబ్ పీకేసి, లోపలున్నదంతా మండిపోయి దానంతటదే ఆగేదాకా తిరగనివ్వండి. తర్వాత ప్లగ్ తీసి, కార్బ్యురేటర్ తెరిచి ఆఫ్టర్ రన్ ఆయిల్ (పక్కన పెట్టేముందు తుప్పు పట్టకుండా వేసే నూనె) కొన్ని చుక్కలు వేసి తిప్పండి. ఫోర్ స్ట్రోక్ అయితే ఆ నూనెని క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టంలోంచి వేయాలి, కార్బ్యురేటర్‌లో వేస్తే బేరింగ్ దాకా రాదు.

అమ్మేవాళ్లని ఇవన్నీ అడగండి, ఆఖరున ఏ నూనె వేసి పెట్టారో కూడా. బ్యాక్ ప్లేట్ తీసి వెనక బేరింగ్‌ని దగ్గర్నుంచి ఫొటో పంపమనండి. "విప్పితే పాడవుతుంది" అంటే ఆ బేరం వదిలేయండి, అక్కడుండేది ఒక గాస్కెట్టో ఓ రింగో అంతే, చిరిగినా కొత్తది వేసుకోవచ్చు.